చేపలకు కప్పిన గొంగడి

1969 కార్తీకమాసంలో ఒక సోమవారం తెల్లవారుజామున మా బావ జగపతి నోట్లో చేప పడింది.

ఆయన దాన్ని తినబోలేదు. అది కూడా ఆయన నోట్లోకి రావాలని రాలేదు. చన్నీళ్ల స్నానానికి ముందు నోరు పుక్కిలిద్దామని, ఇంకా మసక విడవని వేళ, మా ఇంటి వెనుక నీళ్ల హౌజులో చెంబు ముంచాడు. ముంచిన నీళ్లు నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించడం మొదలుపెట్టేసరికి లోపల తనకంటే ముందే ఇంకెవరో పుక్కిలిస్తున్నట్టు అనిపించిందట. తన నాలుకే అడ్డం తిరిగిందనుకున్నాడు. నాలుక ఉన్నచోటనే ఉంది, మరి ఈ కదిలేది ఏంది అని అనుమానం వచ్చి ఉమ్మేశాడు. అది మల్లెపాదులో పడి ఎర్రగా ఎగిరింది.

బావ వేసిన కేకకు ఇంటిల్లిపాదీ లేచాం. మా అన్న రాంచందర్ దొంగ పడ్డాడనుకొని కట్టె పట్టుకొని వచ్చాడు. మా వదిన లీలావతి మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. మల్లెపాదులో మోకాళ్ల మీద కూర్చొని చేపను దోసిట్లోకి తీసుకుంది. హౌజులో వదిలి, అది తోక ఆడించేదాకా చూసి, అప్పుడు బావ వైపు తిరిగింది.

"పన్నేమన్న తాకిందా అన్నా?"

"నా పండ్లు మంచిగనే ఉన్నయి చెల్లె."

"గది గాదన్నా. చాపకు తాకిందా అని."

బావ ముఖం చూడాలి. వాళ్ల ఊరు తరిగొప్పులలో పది మందికి తీర్పులు చెప్పే మనిషి ఆయన. మా పెద్దక్క కమల భర్త, ఇంటల్లుడు. ఆయన వస్తే మా అన్న కుర్చీలో కూర్చోవడమే మానేస్తాడు. భూమి పని మీద జనగామకు వచ్చి మా ఇంట్లో దిగాడు. కార్తీకం నెలంతా ఆయన నీసు ముట్టడు, ఒక్కపూట తింటాడు, తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకుంటాడు. నీసు వండిన గిన్నె పక్కన పెట్టిన గిన్నెలో నీళ్లు కూడా తాగడు. అటువంటి మనిషి నోట్లో, అదీ సోమవారం, బతికున్న చేప.

"దీక్ష పోయింది," అన్నాడు బావ మెట్టు మీద కూలబడి. "నా బాపు కాలం నుంచి తప్పని దీక్ష. రాంచందర్, ఇంట్ల చాపలెందుకున్నయి? అసలు హౌజుల చాపలను సాదుడేంది? పొద్దెక్కకముందే తీసుకపోయి చెరువుల ఇడిసిరా."

అన్న "సరే బావా" అనడానికి నోరు తెరిచాడు. వదిన ఆయన వైపు చూసింది. తెరిచిన నోరు అట్లానే మూసుకున్నాడు.

ఆ చేపలు మావి కావు. అదే అసలు చిక్కు.

మా ఇంటి ముందరి రెండు గదుల్లో చెరువుల పనులు చూసే ఓవర్సీరు ఒకాయన అద్దెకు ఉండేవాడు. గుడివాడ దిక్కు మనిషి. ఆయన భార్య శకుంతల. వాళ్లకు పిల్లలు లేరు. ఆ సంగతి ఆమె ఎన్నడూ మాటల్లోకి రానిచ్చేది కాదు. ఒకసారి హైదరాబాదుకు పోయినప్పుడు గాజుసీసాలో ఆరేడు ఎర్రచేపలు తెచ్చుకుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టింది. సీసా ఇరుకైందని వదినను అడిగి మా హౌజులో వదిలింది. నడుములోతు హౌజు అది, మా నాయిన కట్టించింది. ఒక పక్క మల్లెపాదు, ఇంకో పక్క జామచెట్టు. మధ్యాహ్నం ఎండ పడితే పండుమిరపకాయలు ఈదుతున్నట్టు ఉండేవి. శకుంతలమ్మ "మా పిల్లలు భోంచేశారాండీ?" అని అడిగేది. మా వదిన మొదట్లో ఎవరి పిల్లలని వెతికేది.

వదిన గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలుపట్టాల పక్కనే. అందుకని చిన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడటం అలవాటు. మాట మధ్యలో ఆగడం కూడా అలవాటే. బండి పోయేదాకా ఆగి, పోయాక మిగిలిన మాట పూర్తి చేసేవాళ్లట వాళ్లింట్లో. జనగామలో మా ఇంటికి స్టేషను దూరం. అయినా వదిన "అల్లం వెల్లుల్లి" అని ఆగేది, మేమంతా లేని బండి పోయేదాకా ఎదురుచూసేవాళ్లం, తర్వాత "తెండి" అనేది. ఇంకో అలవాటు, గడప తొక్కిన మనిషిని తినకుండా పోనిచ్చేది కాదు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు మా ఇంట్లో పప్పు తిని, బిల్లు ఇవ్వడం మరిచి పోయిన రోజులున్నాయి.

ఆ ఏడు ఎండాకాలం తెలంగాణ గొడవలు ముదిరాయి. కాలేజీలు మూతబడి నేను ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు ఊరేగింపు మా గల్లీలోకి తిరిగింది. ఓవర్సీరు ఊళ్లో లేడు. వదిన శకుంతలమ్మను వంటింట్లోకి లాక్కొచ్చి, "నువ్వు నోరు తెరవకు, తెరిస్తె దొరికిపోతవ్" అని చెప్పింది. తర్వాత తానే వాకిట్లోకి పోయి, ఎండకు వాడిన పిలగాండ్లను చూసి ఉండబట్టలేక, "సల్ల తాగిపోండ్రి నాయినా" అని పిలిచింది. ఊరేగింపులో సగం మా అరుగు మీదనే కూర్చుంది. గ్లాసులు అందించడానికి చేతులు చాలలేదు. పాపం శకుంతలమ్మ వంటింట్లో ఉండలేక, గ్లాసుల పళ్లెం పట్టుకొని వచ్చి, అలవాటు చొప్పున, "మజ్జిగ తీసుకోండి బాబూ" అంది.

అరుగు మీది తలలన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి.

"మా చెల్లె," అంది వదిన, గ్లాసు నింపుతూ. "సినిమాలు బాగ చూస్తది. గదే భాష పట్టుకున్నది."

ఒక పిలగాడు పకపక నవ్వాడు. ఇంకొకడు నవ్వాడు. "మా అక్క కూడ గంతే" అన్నాడు మూడోవాడు. సల్ల తాగి నినాదాలిచ్చుకుంటూ పోయారు.

ఆ తర్వాత ఓవర్సీరు ఇక ఆగలేదు. కొన్నాళ్లు సెలవు పెట్టి సొంతూరికి బయలుదేరాడు. జీపులో సామాను సర్దారు. చేపలను తీసుకుపోయే వీల్లేదు. శకుంతలమ్మ హౌజు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే, వదిన ఆమె చేయి పట్టుకొని, "గివి నువ్వు నాకు అప్పజెప్పిన అమానతు. మల్ల నువ్వొచ్చేదాక ఒక్కదానికి ఏం కానియ్య. పానంతోని నీ చేతుల పెడ్త" అంది. జీపు కదిలింది. శకుంతలమ్మ తల బయటపెట్టి అరిచింది.

"చలికాలానికల్లా వచ్చేస్తామండీ! రాలేకపోతే, చలెక్కువైనప్పుడు చాప కప్పండి! మర్చిపోకండీ, చాప కప్పండి!"

కోస్తావాళ్లకు చాప అంటే పరుచుకునేది. నీళ్లలో ఈదేదాన్ని వాళ్లు చేప అంటారు. మాకు చాప అంటే నీళ్లలో ఈదేది, ఆ తర్వాత పులుసులో ఈదేది. పరుచుకునేదాన్ని ఈతచాప అని ఇంటిపేరుతో పిలిస్తే గాని గుర్తుపట్టం. శకుంతలమ్మ హౌజు మీద ఒక చాప పరవమంది. మా వదిన చెవికి మాత్రం, చలిపెడితే చేపకు ఏదన్నా కప్పుమని వినబడింది. వదిన గట్టిగా తలూపి, "కప్తనమ్మా!" అని జీపు వెనుక రెండిళ్ల దాకా నడిచింది.

చలికాలం వచ్చింది, వాళ్లు రాలేదు. గల్లీలో మాటలు మాత్రం వచ్చాయి. ఆ ఏడు గొడవంతా ఇక్కడి నౌకర్లు గైర్‌ముల్కీలకు, అంటే బయటి దిక్కు వాళ్లకు, పోతున్నాయనే. ఎదురింటి గట్టమ్మ బిందెతో నిలబడి అడిగింది.

"ఏంది లీలమ్మా, గైర్‌ముల్కీలకు మీ హౌజుల నౌకర్లిచ్చినవట?"

"ముల్కీ సర్టిఫికెట్ ఏదని నేను గూడ అడిగిన గట్టమ్మా. నోరు తెరుస్తున్నయి గని మాట్లాడ్తలెవ్వు. మాట్లాడితె గద, ఎక్కడియో తెలిసేది!"

అట్లా గల్లీని దాటుకొచ్చిన చేపలు, చివరికి మా ఇంటల్లుడి నోట్లో పడ్డాయి.

బావ చెరువులో వదలమన్న ఆ పొద్దున వదిన ఎదురుచెప్పలేదు. ఇంటల్లుడికి ఎదురుచెప్పడం మా ఇంట్లో లేదు. "గట్లనే అన్నా. కని దీక్ష పోయిందో ఉన్నదో ముందు అయ్యగారిని అడుగుదాం. పోకముందే పోయిందనుకొని మీరు పరేషాన్ కావద్దు" అంది. అన్నా, నేనూ బావను వెంటబెట్టుకొని శివాలయానికి పోయాం. కార్తీక సోమవారం, గుడి నిండా జనం. అయ్యగారు ఒక చేత్తో హారతి, ఒక చేత్తో తీర్థం ఇస్తూ మా మొర విన్నాడు.

"మింగినవా?"

"లేదు."

"నమిలినవా?"

"పండ్లు ఆడలే."

"చాప బతికిందా?"

"బతికింది."

"అది బతికున్నన్ని రోజులు నీ దీక్షకు ఢోకా లేదు. జరుగు, వెనుకోళ్లున్నరు."

ఆయన ఆ మాట జనాన్ని జరపడానికి అన్నాడు. బావ దాన్ని తీర్పుగా పట్టుకున్నాడు. ఇంటికి రాగానే హౌజు దగ్గరికి పోయి తొంగిచూశాడు.

"చెల్లె, నా నోట్లకు వచ్చింది ఏది?"

వదిన కూడా తొంగిచూసింది. అన్నీ ఎర్రగానే ఉన్నాయి. అన్నీ నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి.

"ఎర్కలేదన్నా. చీకట్ల ఎత్తుకున్న గద."

"అయితె ఏది సచ్చినా నాకు ఢోకానే," అన్నాడు బావ. అన్న వైపు తిరిగాడు. "చెరువు ముచ్చట బంద్ పెట్టున్రి."

వచ్చిన భూమి పని అయిపోయింది. బావ తరిగొప్పులకు పోలేదు. కుర్చీ తెప్పించుకొని హౌజు పక్కన వేసుకున్నాడు. పిల్లి వస్తే లేచాడు. కొంగ మా ఇంటి మీదుగా పోతే ఆకాశానికి కట్టె చూపించాడు. మా అక్క కమల బస్సు కండక్టరుతో కబురు పంపింది: "జనగామల ఇంకో ఇల్లు పెట్టిండా అని అడుగు." కండక్టరు ఆ మాట బస్సు దిగకుండానే గల్లీ అంతా వినేట్టు అడిగాడు. బావ మీసం దువ్వుకున్నాడు గాని కుర్చీ కదపలేదు.

చలి ఎక్కువైన కొద్దీ చేపలు అడుగుకు పోయాయి. కదలకుండా ఒక మూలన ఒకదానికొకటి ఆనుకొని ఉండిపోయాయి. వదిన జొన్నరొట్టె నలిపి వేసింది, చూడలేదు. అటుకులు వేసింది, చూడలేదు. నూకలు ఉడికించి వేసింది. అవి నానిపోయి నీళ్లు మసకబారాయి తప్ప ఒక్క చేపా పైకి రాలేదు. ఇంటికొచ్చినవాళ్లెవరైనా తిననంటే వదిన ఊరుకునేది కాదు. ఇక్కడ మాత్రం ఎవరి చేయి పట్టి కూర్చోబెట్టాలో తెలియలేదు.

"ఏం తప్పయిందని అలిగినరు బిడ్డా? మీ అమ్మకు నేనేం జెప్పాలె?" అని హౌజు గోడ మీద గడ్డం ఆనించి అడిగేది. ఆ రోజుల్లో ఆమె కూడా సరిగ్గా తినలేదు. కూరలో ఉప్పు మరిచిపోయింది, మరిచిపోయిన సంగతి చెప్పడానికి మా అన్నకు ధైర్యం చాలలేదు.

"నా నోటి వేడి తాకిందేమో," అనేవాడు బావ బిక్కమొహం పెట్టి. "నేను పొద్దున్నే ఉడుకు పాలు గూడ తాగలే చెల్లె, ఆ రోజు."

మళ్లీ సోమవారం వచ్చింది. బావ ఉపవాసం. చుక్క పొడిచేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా, మాట తగ్గించి, కదలిక తగ్గించి, కుర్చీలో ముడుచుకొని కూర్చున్నాడు. వదిన పళ్లెంలో రొట్టెముక్కలతో హౌజు దగ్గరికి వస్తూ ఆయన్ను చూసింది. హౌజులోకి చూసింది. మళ్లీ ఆయన్ను చూసింది. పళ్లెం గోడ మీద పెట్టి ఒక్కసారిగా నవ్వింది.

"అన్నా! గివి అలగలే. కార్తీకం గద, ఒక్కపొద్దు ఉన్నయి!"

బావ లేచి వచ్చి చాలాసేపు చూశాడు. కళ్లు చెమ్మగిల్లాయి. "నోట్లకొచ్చి పోయిన పుణ్యం," అన్నాడు.

ఆ రోజు నుంచి వదిన మేత వేయడం మానేసింది. మసక నీళ్లు సగం తోడించి బావినీళ్లు పోయించింది. ఉపవాసం ఉన్నవాళ్ల ముందు తిండి పెట్టడం పాపమని, రొట్టె పళ్లెం ఆ వైపే రానివ్వలేదు. చలిలో చేపలు తినవని, పెడితే నీళ్లు చెడి అవే చస్తాయని చాన్నాళ్ల తర్వాత ఎవరో నాకు చెప్పారు. అప్పటికి మాకెవరికీ ఆ సంగతి తెలియదు. ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం రెండు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిస్తే, వదిన చిటికెడంత నలిపి వేసింది.

"చుక్క పొడవకముందే తింటున్నయి!" అన్నాడు బావ.

"చిన్నపిల్లలకు మాఫీ అన్నా."

కార్తీకం చివరి రోజుల్లో చలిగాలి తిరిగింది. పొద్దున లేస్తే హౌజు నీళ్ల మీద పొగ లేస్తోంది. అప్పుడు వదినకు జీపు వెనుక నడిచినప్పటి మాట గుర్తొచ్చింది.

"శకుంతలమ్మ చెప్పింది, చలైతె చాపకు కప్పుమని."

"చాపకు కప్పుడేంది?" అన్నాడు అన్న. "నీళ్లల్ల ఉన్నదానికి దుప్పటి ఎట్ల కప్తరు?"

"నాకేమెరుక? వాళ్ల దిక్కు గట్లనే కప్తరు గావచ్చు. ఆమె రెండుసార్లు జెప్పింది."

బొంత వేద్దామంటే నీళ్లలోకి జారుతుంది. ధోవతి పరుద్దామంటే పలచన. ఆలోచన ఎటూ తెగలేదు. బావ మెల్లగా లేచి, భుజం మీది గొంగడి తీసి వదిన చేతికిచ్చాడు. అది ఆయన ఒంటిమీద నుంచి దిగగా మేమెవరమూ చూడలేదు. నల్లగొర్రె ఉన్నిది, వాన పడినా లోపలికి దిగదు. హౌజు నాలుగు వైపులా ఇటుకలు పెట్టి దాన్ని బిగించి కప్పారు. మొదట రాత్రిపూటే కప్పుదామనుకున్నారు. "పగలు గాలి లేదా?" అన్నాడు బావ. పగలు కూడా ఉంచారు. ఊపిరి ఆడటానికని ఒక మూల మాత్రం కొంచెం ఎత్తిపెట్టారు.

కార్తీకం వెళ్లిపోయింది. దీక్ష నిలబడింది. ఇక చేపలు బతికినా చచ్చినా బావకు వచ్చేదీ పోయేదీ లేదు. బస్సెక్కడానికి బయలుదేరి, గడప దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి పోయి గొంగడి మూల ఎత్తి చూసి వచ్చాడు.

"గొంగడి తీసుకపోతరా అన్నా? చలి బాగున్నది."

"ఉండనీ. నాకింకోటి ఉన్నది," అన్నాడు. ఇంకోటి లేదు. బస్సు కిటికీ పక్కన చేతులు చంకల్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ తర్వాత పుష్యమంతా కండక్టరు కబుర్లు తెచ్చేవాడు: "మీ బావ అడుగుతుండు, మనోళ్లు మంచిగున్నరా అని."

వదిన ఆ చలికాలమంతా పుట్టింటికి పోలేదు. ఘన్‌పూర్‌లో తమ్ముడి బిడ్డ తొట్టెల పండుగకు కూడా పొద్దున బండికి పోయి, మధ్యాహ్నం బండికే వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులు విడవకుండా హౌజు దగ్గరికి పోయింది. అరచేయి నీళ్లలో ముంచి, అడుగున ఉన్నవి కదిలేదాకా తీసేది కాదు.

మాఘంలో ఓవర్సీరు వచ్చాడు. వాళ్ల దిక్కుకే బదిలీ చేయించుకున్నాడు. మిగిలిన సామాన్లు తీసుకొని సాయంత్రం రైలుకు పోవాలి. శకుంతలమ్మ రిక్షా దిగి, వదినను పలకరించడం కూడా మరిచి, కొత్త ఇత్తడి బిందె చంకన పెట్టుకొని నేరుగా పెరట్లోకి నడిచింది. హౌజు కనబడలేదు. నల్లటి గొంగడి కనబడింది. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏమయ్యాయండీ?" అంది. "పోయాయా?"

"అయ్యో, పోవుడేంది! నువ్వే గద కప్పుమన్నవు! జర ఇటు పట్టు."

ఇద్దరూ చెరొక వైపు పట్టుకొని గొంగడి లాగారు. మధ్యాహ్నపు ఎండ ఒక్కసారిగా నీళ్ల మీద పడింది. అడుగు నుంచి ఒకటి పైకి వచ్చింది. దాని వెనుక ఇంకొకటి. అన్నీ వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. లావెక్కలేదు, బక్కచిక్కలేదు. శకుంతలమ్మ హౌజు గోడ మీద కూర్చొని, పేర్లు పిలవబోయి, ఒకదాన్ని చూసి తడబడింది. ఇంకోదాన్ని చూసి మళ్లీ తడబడింది. ఎరుపు ఎక్కడా లేదు. వెలుతురు చూడక ఒకటి పాలమీగడ రంగులోకి తిరిగింది, ఒకటి ఒలిచిన వెల్లుల్లి రంగులోకి. తోకల దగ్గర మాత్రం కొంచెం పసుపు మిగిలింది.

ఆమె ఒక కంట నీళ్లు, ఒక కంట నవ్వు పెట్టుకొని వదిన వైపు తిరిగింది.

"ఇదేంటండీ లీలావతి గారూ! పండుమిరపకాయల్లాంటి పిల్లల్ని మీ చేతికి అప్పజెప్పి వెళ్తే, ఇలా తెల్లగా పాలిపోయినవాళ్లని తిరిగిస్తున్నారేంటండీ?"

వదిన గొంగడి మడత పెడుతూనే ఉంది.

"నీడపట్టున సాదిన పిల్లలు తెల్లగ గాక ఏమైతరమ్మా!"